ఏకలవ్యుడు కూడా ఒప్పుకునే ఇచ్చాడట!

(గ్రామ సంఘాల కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇవాళ నాకు అప్పజెప్పిన విషయం సెల్‌ఫోను. ఫోనులో మనం రోజూ నొక్కే 'ఒప్పుకుంటున్నాను' అనే మీట. దీని మీద ఉపన్యాసం ఏంది, భూమి గురించి చెప్పు, కూలి గురించి చెప్పు అని మీలో కొందరికి అనిపించొచ్చు. కానీ ఒక్కసారి ఆలోచించండి. మన తాతల భూములు ఎట్లా పోయినయ్? అన్నీ కర్రలతో కత్తులతో పోలేదు. చాలా భూములు కాగితంతో పోయినయ్. కాగితం మీద మనవాళ్ళు వేసిన బొటనవేలి నిశానీతో పోయినయ్. ఇప్పుడు కాగితం పోయి అద్దం వచ్చింది. వేలు మాత్రం అదే వేలు!

వేలు అనగానే ఏకలవ్యుడు గుర్తుకు రావాలి. ద్రోణుడు కత్తి తీసుకుని ఆయన వేలు నరకలేదు. గురుదక్షిణ అడిగాడు. ఏకలవ్యుడు తనే కోసి ఇచ్చాడు. కనుక అందులో బలవంతం లేదు, అంతా ఇష్టపూర్వకంగానే జరిగింది అని తరతరాలుగా మనకు పురాణం చెప్తున్నారు. మనం అడగాల్సిన ప్రశ్న ఒక్కటే. 'ఇవ్వను' అని ఏకలవ్యుడు అంటే ఏమయ్యేది? ఇవ్వను అని కూడా విద్యతో, గౌరవంతో బతికే దారి ఆయనకు ఉందా? ఆ దారి లేనప్పుడు 'ఇస్తాను' అన్న మాటకు విలువేమిటి?

'కాదు' అనే వీలు లేని చోట 'అవును' అన్నది సమ్మతి కాదు, లొంగుబాటు. నేను ఇవాళ చెప్పదలచుకున్నది ఇదే. మిగతాదంతా దీని వివరమే.

నిశానీ చరిత్ర

ప్రామిసరీ నోట్లు, పాత దస్తావేజులు మీరు చూసే ఉంటారు. చివర్లో ఒక వాక్యం ఉంటుంది: చదివి వినిపించగా విని, సమ్మతించి వేసిన నిశానీ అని. ఎవరు చదివారు? ఎవరు విన్నారు? వెయ్యి రూపాయలు తీసుకుంటే ఎంత రాసుకున్నారో ఆ రాసినవాడికే తెలుసు. ఖాళీ కాగితం మీద వేలు వేయించుకుని తీరిగ్గా రాసుకున్నోళ్ళు కూడా ఉన్నారు. రేపు కోర్టుకు పోతే 'వాడు ఒప్పుకునే వేశాడు' అంటారు. కాగితం కూడా అదే అంటది.

సర్కారు కాగితాల్లోకి ఈ చేతి ముద్ర ఎట్లా వచ్చిందో తెలుసా? 1858 లో బెంగాల్‌లోని జంగిపూర్‌లో విలియం హర్షెల్ అనే తెల్లదొర ఉండేవాడు. రోడ్డుకు కావాల్సిన సరుకు సరఫరా చేసే కాంట్రాక్టు మీద రాజ్యధర్ కోనాయ్ అనే బెంగాలీ అరచేతికి సిరా పూసి ముద్ర వేయించుకున్నాడు. ఎందుకు? ఆ మనిషి రేపు 'ఈ సంతకం నాది కాదు' అనకుండా బెదరగొట్టడానికి. ఈ మాట ఆ దొరే తర్వాత రాసుకున్నాడు. అంటే ఆ దొర ఒప్పందం మీద చేతి ముద్ర వేయించుకుంది ఒప్పుకున్నవాడి రక్షణ కోసం కాదు. ఒప్పించినవాడి ధీమా కోసం.

బాబాసాహెబ్ ఈ సంగతి ఎప్పుడో పట్టుకున్నాడు. 1947 లో ఆయన రాసిన 'రాష్ట్రాలు - మైనారిటీలు' అనే పత్రంలో నిరుద్యోగి గురించి ఒక వాదన చేశాడు. పని లేనివాడి ముందు ఒక ఉద్యోగం పెట్టి, దీనికి పని గంటల లెక్క లేదు, సంఘంలో చేరకూడదు, నోరు తెరవకూడదు అంటే వాడు దేన్ని ఎంచుకుంటాడు? హక్కునా, కూటినా? కూటినే ఎంచుకుంటాడు. ఆకలి వాడి చేత హక్కుల్ని వదిలింపజేస్తుంది. దాన్ని స్వేచ్ఛ అంటామా?

సుప్రీంకోర్టు 1982 లో ఇదే మాట తీర్పుగా చెప్పింది. ఢిల్లీలో ఏషియాడ్ ఆటల కోసం స్టేడియాలు కట్టిన కూలీల కేసు అది. వాళ్ళను ఎవరూ గొలుసులతో కట్టేసి తేలేదు, తమంతట తామే వచ్చారు అన్నది అవతలి వాదన. కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయడానికి మనిషి తనంత తానుగా ఒప్పుకున్నా సరే, ఆకలీ పేదరికమూ ఒప్పించినయ్ కనుక అది రాజ్యాంగం 23 వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీయే అని జస్టిస్ భగవతి రాశాడు. 'ఒప్పుకున్నాడుగా' అనే మాట చెల్లదని ఈ దేశపు పెద్ద కోర్టు కూలి విషయంలో చెప్పింది. మరి ఫోను విషయంలో ఎందుకు చెల్లాలి?

ఫోనులో నిశానీ ఎట్లా పడుతుంది

కొత్త యాప్ ఎక్కిస్తాం. మొదట ఒక తెర వస్తది. షరతులు చదివి ఒప్పుకుంటున్నాను అని రాసి, పక్కన చిన్న గడి. ఆ షరతులు పదుల పేజీలు, లాయరు ఇంగ్లీషు. ఎవరు చదువుతారు? ఇంగ్లీషు మీడియంలో చదివినోడు కూడా చదవడు. 'చదివి వినిపించగా విని సమ్మతించి' అన్న పాత వాక్యమే ఇది. అక్షరం మారిందంతే!

రెండో తెర. ఈ యాప్ మీ కాంటాక్ట్స్ చూడొచ్చా? మీ ఫోటోలు చూడొచ్చా? మీరెక్కడ ఉన్నారో చూడొచ్చా? మైకు వినొచ్చా? మెసేజ్‌లు చదవొచ్చా? 2015 దాకా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఇవన్నీ యాప్ ఎక్కించేటప్పుడే ఒకే మూటగా అడిగేవాళ్ళు. మొత్తం ఒప్పుకో, లేదంటే యాప్ లేదు. 2015 లో వచ్చిన మార్పుతో ఒక్కొక్కటిగా అడగడం మొదలైంది. తర్వాత 2019 లో 'వాడుతున్నప్పుడు మాత్రమే' అనే దారి, 2020 లో 'ఈసారికి మాత్రమే' అనే దారి వచ్చినయ్. వీటిని గుర్తు పెట్టుకోండి, చివర్లో పనికొస్తయ్.

ఇక వెబ్‌సైట్లు. తెరవగానే కింద ఒక పలక లేస్తది. మేము కుకీలు వాడతాం, ఒప్పుకోండి అని. కుకీ అంటే బిస్కట్ కాదు. ఆ సైటు మన ఫోనులో పెట్టి పోయే చిన్న చీటీ. 1994 లో అమెరికాలోని నెట్‌స్కేప్ కంపెనీలో లూ మాంటులి అనే ఇంజనీరు దీన్ని తయారుచేశాడు. వచ్చినవాడు మళ్ళీ వస్తే గుర్తుపట్టడానికి పనికొచ్చే చీటీ అది. అంతవరకు తప్పేం లేదు. కానీ తర్వాత ప్రకటనల కంపెనీలు వేల సైట్లలో తమ చీటీలు పెట్టడం మొదలుపెట్టినయ్. మందలో పశువు చెవికి బిళ్ళ కుట్టినట్టు, ఈ మనిషి పొద్దున రోగం గురించి చదివాడు, మధ్యాహ్నం అప్పు కోసం వెతికాడు, రాత్రి ఫలానా వార్త చూశాడు అని జాడ పట్టుకుంటూ పోతయ్. గూగుల్‌కీ, ఫేస్‌బుక్ నడిపే మెటాకీ వచ్చే ఆదాయంలో పెద్ద భాగం ప్రకటనలదే. మనకు ఉచితం అంటున్నారు కదా, ఆ ఉచితానికి ధర ఈ జాడలే.

ఇక మీటల తమాషా చూడండి. 'అన్నీ ఒప్పుకుంటున్నాను' అనే మీట పెద్దది, రంగుది, బొటనవేలి కిందే ఉంటది. 'వద్దు' అనేది ఎక్కడో బూడిద రంగులో, మూడు తెరల లోపల ఉంటది. ఎన్నికల్లో ఒక గుర్తు గోడంత రాసి, రెండో గుర్తు గోడ వెనక రాసినట్టు! ఇది ఇక్కడే కాదు. ఫ్రాన్సు దేశంలో ఈ పని మీదే కేసు నడిచింది. ఒప్పుకోవడానికి ఒక్క నొక్కు, కాదనడానికి చాలా నొక్కులు పెట్టారని అక్కడి సంస్థ 2022 జనవరిలో గూగుల్‌కు 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కు 6 కోట్ల యూరోలు జరిమానా వేసినట్టు ప్రకటించింది. అంతకు ముందు 2019 అక్టోబరులో యూరప్ పెద్ద కోర్టు, గడిలో ముందే టిక్కు పెట్టి ఉంచి, తీసెయ్యలేదు కనుక ఒప్పుకున్నట్టే అనడం సమ్మతి కాదని తీర్పు చెప్పింది. మన దేశంలో కూడా 2023 నవంబరు 30 న వినియోగదారుల రక్షణ అథారిటీ ఇట్లాంటి 13 రకాల మాయ ఎత్తుగడలను పేరుపేరునా చెప్పి నిషేధించింది. 'వద్దు' అన్నవాడిని సిగ్గుపడేట్టు మాట్లాడటం, ఒకటే పోరుపెట్టి విసిగించి ఒప్పించడం, అడ్డదిడ్డం ప్రశ్న వేసి అవును అనిపించడం, ఇవన్నీ అందులో ఉన్నాయి.

ఒప్పుకుంటే ఏం పోతుంది?

మన వాళ్ళు అంటుంటారు: మన దగ్గర దాచుకోవడానికి ఏముంది, చూస్తే చూడనియ్యి అని. ఏం పోతుందో జరిగిన సంగతులతోనే చెప్తా.

మొదటిది 2017 సంగతి. సిమ్ కార్డుకు ఆధార్ కలపాలని అందరి చేతా మిషను మీద వేలు పెట్టించిన రోజులవి. ఎయిర్‌టెల్ సిమ్ కోసం వేలు పెట్టిన లక్షల మందికి, వాళ్ళకు తెలియకుండానే ఎయిర్‌టెల్ పేమెంట్స్ బ్యాంకులో ఖాతాలు తెరిచారు. గ్యాసు సబ్సిడీ డబ్బులు పాత బ్యాంకుకు రాకుండా ఈ కొత్త ఖాతాలోకి పోయినయ్. ఆడవాళ్ళు పాస్‌బుక్ పట్టుకుని బ్యాంకుకు పోతే డబ్బు లేదు. 2017 డిసెంబరులో ఆధార్ సంస్థ వాళ్ళ లైసెన్సు కొంతకాలం ఆపేసింది. 2018 మార్చిలో రిజర్వ్ బ్యాంకు, ఖాతాదారుల స్పష్టమైన సమ్మతి లేకుండా ఖాతాలు తెరిచారని 5 కోట్ల జరిమానా వేసింది. చూడండి, వేలు పెట్టింది ఒక పనికి, వాడుకున్నది ఇంకో పనికి. ఖాళీ కాగితం మీద నిశానీ అంటే ఇదే కదా!

రెండోది అప్పుల యాప్‌ల సంగతి. 2020 లో కరోనా లాక్‌డౌన్‌లో పనులు పోయినయ్. ఫోనులో ఐదు నిమిషాల్లో అప్పు అన్నారు. హామీ లేదు, తాకట్టు లేదు. నిజంగా తాకట్టు లేదా? ఉంది. మన ఫోనులో ఉన్న పేర్లే తాకట్టు. కాంటాక్ట్స్‌కి 'అలౌ' నొక్కితేనే అప్పు. వాయిదా దాటగానే అమ్మకీ, అత్తకీ, వియ్యంకుడికీ, పనిచేసే చోట మేస్త్రీకీ ఫోన్లు పోయినయ్. ఈమె దొంగ అని ఫోటో మీద రాసి అందరికీ పంపారు. ఊళ్ళో అప్పులవాడు మన ఇంటి ముందు కూర్చుంటాడు. వీడు మన చుట్టాలందరి ఇళ్ళ ముందూ ఒకే గంటలో కూర్చున్నాడు! తెలంగాణలో ప్రాణాలు తీసుకున్నవాళ్ళు ఉన్నారు. 2020 డిసెంబరులో హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు కాల్‌సెంటర్ల మీద దాడులు చేసి అరెస్టులు చేశారు.

ఆ తర్వాత ఏమైంది? 2021 జనవరిలో రిజర్వ్ బ్యాంకు కమిటీ వేసింది. 2022 సెప్టెంబరు 2 న ఉత్తర్వు ఇచ్చింది. అప్పులిచ్చే యాప్‌లు కాంటాక్ట్స్, కాల్ లిస్టు, ఫైళ్ళు ముట్టుకోకూడదు. కెమెరా, మైకు, లొకేషన్ లాంటివి ఖాతా తెరిచేటప్పుడు ఒక్కసారికి, అదీ స్పష్టంగా అడిగి తీసుకోవాలి అని. 2023 మే 31 నుంచి గూగుల్ తన ప్లేస్టోర్‌లో అప్పుల యాప్‌లు ఫోటోలు, కాంటాక్ట్స్ అడగకూడదని నిబంధన పెట్టింది. ఇక్కడ ఒక పాఠం ఉంది. వాళ్ళు 'ఒప్పుకున్నారుగా, అలౌ నొక్కారుగా' అనే వాదన నిలబడలేదు. అవసరంలో ఉన్నవాడి చేత ఏది నొక్కించినా చెల్లుతుందనే పద్ధతి ఆగింది. అయితే ఎంతమంది పోయాక ఆగింది!

ఫోనులో పేర్లు మన ఒక్కరివి కావు

కార్యకర్తలు ఈ మాట బాగా వినాలి. మన కాంటాక్ట్స్‌లో ఉన్నవాళ్ళు ఎవరు? మన సంఘం సభ్యులు. కేసు పెట్టిన చెల్లెలు. సాక్షి చెప్పబోయే పాలేరు. మనకు చాటుగా కబురు చెప్పే ఆఫీసు గుమస్తా. మనం ఆటల యాప్‌కో, ఫోటో అందంగా చేసే యాప్‌కో 'అలౌ' నొక్కితే వాళ్ళందరి నంబర్లూ మూటగట్టి ఇచ్చినట్టే. వాళ్ళు ఒప్పుకున్నారా? వాళ్ళను అడిగామా? మన వేలు మనది గానీ, వాళ్ళ నంబరు మనది కాదు. సంఘం రిజిస్టరును రచ్చబండ మీద పరిచిపెట్టి పోతామా?

ఇంకొకటి కులం. పట్నంలో ఇల్లు అద్దెకు అడిగితే 'మీరేమిట్లు?' అంటారు. మన పిల్లలు చాలామంది ఇంటిపేరు నమిలి మింగేసి చెప్తారు. అది దాపరికం కాదు, ఆత్మరక్షణ. ప్రైవసీ డబ్బున్నవాళ్ళ ముచ్చట అని ఎవరైనా అంటే ఆ పిల్లల్ని చూపించండి. ఇప్పుడు ఫోనుకు మన ఇంటిపేరు తెలుసు. మనం ఉండే పేట తెలుసు. ఏప్రిల్ 14 న ఎక్కడున్నామో తెలుసు. ఏ పాటలు వింటామో తెలుసు. కులం అడగకుండానే కులం కనుక్కునే వీలు ఉంది. ఉద్యోగమిచ్చేవాడి చేతిలో, అప్పిచ్చేవాడి చేతిలో, ఇల్లిచ్చేవాడి చేతిలో అది పడితే? 'మీరేమిట్లు' అని అడిగినవాడి మీదైనా మనం నిలదీసి మాట్లాడగలం. అడగకుండానే తెలుసుకుని తలుపు వేసినవాడిని ఎట్లా పట్టుకుంటాం?

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న వస్తది. కులగణన కావాలని అడిగింది మనమే కదా, 2024 నవంబరులో తెలంగాణలో ఇంటింటికీ వచ్చి కులం రాసుకుంటే సంతోషించాం కదా, మరి కులం దాచమంటారేంటి అని. రెండూ ఒకటి కాదు. ఎంతమంది ఉన్నామో, ఎంత భూమి ఉందో లెక్క తేలడం మన వాటా కోసం. ఆ లెక్కలో మనం జనం. కంపెనీ చేతిలో ఫలానా మనిషి ఫలానా కులం అని ఉండటం వేరు. అక్కడ మనం ఒంటరి మనిషి, వాడు గుర్తుపట్టిన మనిషి. లెక్క కావాలి, ముద్ర వద్దు!

చట్టం ఏం చెప్తుంది?

2017 ఆగస్టు 24 న సుప్రీంకోర్టులో 9 మంది జడ్జీలు ఒక్క గొంతుతో ప్రైవసీ ప్రాథమిక హక్కు అన్నారు. కర్ణాటక హైకోర్టు మాజీ జడ్జి పుట్టస్వామి వేసిన కేసు అది. పేదలకు కావలసింది తిండి గానీ ప్రైవసీ కాదు అన్న వాదనను కోర్టు ఒప్పుకోలేదు. పేదవాడికీ గౌరవం ఉంటదని చెప్పింది. 2018 సెప్టెంబరులో ఆధార్ తీర్పులో, కంపెనీలు ఆధార్ అడగడానికి దారి ఇచ్చిన 57 వ సెక్షన్‌లోని భాగాన్ని కొట్టేసింది.

ఆ తర్వాత 2023 ఆగస్టు 11 న డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం దొరికింది. అందులో మంచి మాటలు ఉన్నాయి. ఉన్నవి ఉన్నట్టు చెప్పుకోవాలి. సమ్మతి స్వేచ్ఛగా ఉండాలి, ఫలానా పనికి అని తెలిపి తీసుకోవాలి, షరతు పెట్టకూడదు. ఆ పనికి అవసరమైనంత వరకే సమ్మతి చెల్లుతుంది. చట్టంలోనే ఉదాహరణ ఇచ్చారు: ఫోనులో డాక్టరును చూపించే యాప్ కాంటాక్ట్స్ కూడా అడిగి, మనిషి రెండిటికీ సరే అన్నా, వైద్యానికి కాంటాక్ట్స్ అక్కర్లేదు కనుక ఆ మేరకు సమ్మతి చెల్లదు. ఇచ్చినంత సులువుగా వెనక్కి తీసుకునే వీలు ఉండాలి. ఇంగ్లీషులో గానీ, 8 వ షెడ్యూలులో ఉన్న 22 భాషల్లో దేనిలో గానీ చదువుకునే వీలు ఇవ్వాలి, అంటే తెలుగులో కూడా. సమ్మతి తీసుకున్నామని రుజువు చేసే బాధ్యత కంపెనీదే. తప్పితే 250 కోట్ల దాకా జరిమానా.

ఇక రెండో వైపు చూడండి. ఆ జరిమానా ఎవరికి పోతుంది? కేంద్ర ప్రభుత్వ ఖజానాకు. నష్టపోయిన మనిషికి ఈ చట్టం కింద పైసా పరిహారం లేదు. ఉత్తుత్తి ఫిర్యాదు చేశావని తేలిస్తే మాత్రం ఫిర్యాదు చేసిన మనిషికే 10,000 దాకా జరిమానా! పథకాలు, సబ్సిడీలు, సర్టిఫికెట్లు ఇచ్చే ప్రభుత్వానికి ప్రతిసారీ సమ్మతి అడగక్కర్లేని దారి పెట్టారు. 2019 నాటి బిల్లులో కులం, తెగ అనేవి ప్రత్యేక జాగ్రత్తతో చూడాల్సిన సున్నితమైన సమాచారం కింద రాశారు. 2023 చట్టంలో ఆ వర్గమే ఎగిరిపోయింది. అంటే మన కులమూ, మనం కొన్న చెప్పుల సైజూ ఈ చట్టానికి ఒకటే!

ఇంకా వినండి. ఈ చట్టం రూల్స్ 2025 నవంబరులో వచ్చినయ్. సమ్మతి గురించి నేను చెప్పిన మంచి సెక్షన్లన్నీ ఆ రూల్స్ లెక్క ప్రకారం 18 నెలల తర్వాత, అంటే 2027 మేలో గానీ అమల్లోకి రావు. కానీ కొన్ని సెక్షన్లు మాత్రం అదే నవంబరులో వెంటనే అమల్లోకి వచ్చినయ్. వాటిలో ఒకటి ఏదో తెలుసా? సమాచార హక్కు చట్టాన్ని సవరించేది! ఇంతకుముందు వ్యక్తిగత సమాచారమైనా ప్రజలకు ఉపయోగం ఉంటే అధికారి ఇవ్వాలని 8(1)(జె) లోనే ఉండేది. ఇప్పుడు ఆ మాటలు తీసేశారు. ఫలానా ఇల్లు ఎవరికి మంజూరైంది, ఫలానా బిల్లు ఎవరి పేరున డ్రా అయింది అంటే 'వ్యక్తిగతం' అని కాగితం వెనక్కి కొట్టే వీలు దొరికింది. మన ప్రైవసీకి 18 నెలల వాయిదా, ఆఫీసు పరదాకు అదే రోజు ముహూర్తం! అయితే నిరాశ వద్దు. 8(2) సెక్షన్ ఇంకా ఉంది. రహస్యం కన్నా ప్రజా ప్రయోజనం ఎక్కువైతే సమాచారం ఇవ్వొచ్చని అది చెప్తుంది. ఇకమీదట మన దరఖాస్తుల్లో 8(2) అని రాసి, ప్రజా ప్రయోజనం ఏమిటో రెండు ముక్కలు రాయండి.

మనం చేయాల్సింది

ఒకటి. ఇవాళ ఇంటికి పోయాక ఫోనులో సెట్టింగ్స్ తెరవండి. యాప్స్ లోకి పోయి పర్మిషన్స్ చూడండి. కాంటాక్ట్స్ ఎవరెవరి చేతిలో ఉందో, మెసేజ్‌లు ఎవరు చదువుతున్నారో అక్కడ కనపడతది. పనికి అక్కర్లేని ప్రతిదీ ఆపేయండి. చదవడం రానివాళ్ళ ఫోన్లు మన పిల్లలు చూసిపెట్టాలి. ఊరికి ఒక పూట చాలు.

రెండు. యాప్ ఏదైనా అడిగితే మొదటి జవాబు 'వద్దు' కావాలి. నిజంగా అవసరమైతే అదే మళ్ళీ అడుగుతది. అప్పుడు 'ఈసారికి మాత్రమే' అనే దారి ఉంటే అది నొక్కండి.

మూడు. మిషను మీద వేలు పెట్టే ముందు రెండు ప్రశ్నలు గట్టిగా అడగండి: ఇది దేనికి? రశీదు ఏది? నెట్టు లేదు, మళ్ళీ పెట్టు అంటే మొదటిసారి ఏమైందో అడగండి. ఆధార్ వేలిముద్రకు తాళం వేసుకునే ఏర్పాటు ఉంది, మన వేలు ఎప్పుడెప్పుడు వాడారో చూసుకునే వీలూ ఉంది. 1947 నంబరుకు ఫోను చేసి అడగండి. అయితే తాళం వేసినవాళ్ళు రేషనుకు పోయేముందు తీయాలి, మరిచిపోవద్దు.

నాలుగు. ఫోనులో అప్పు తీసుకునే ముందు ఆ యాప్ వెనక ఏ బ్యాంకు ఉందో, రిజర్వ్ బ్యాంకు పెట్టిన జాబితాలో అది ఉందో లేదో సంఘంలో చూపించుకోండి. వేధిస్తే ఒంటరిగా కుమిలిపోవద్దు. 1930 కి ఫోను చేయండి, సంఘానికి చెప్పండి. పరువు తీస్తాం అని బెదిరించేవాడి బలమంతా మనం ఒంటరి అనుకోవడంలోనే ఉంది.

ఐదు. సంఘం గ్రూపుల్లో ఎవరి ఆధార్ కార్డు ఫోటోలూ, కేసు కాగితాలూ పెట్టొద్దు. వేరేవాళ్ళ నుంచి అడుగుతున్న మర్యాద ముందు మన మధ్య పాటించాలి. లిస్టు రాసుకునేటప్పుడు ఎందుకు రాస్తున్నామో చెప్పండి. రాయొద్దు అన్నవాళ్ళ పేరు రాయొద్దు. అట్లా అన్నందుకు వాళ్ళను చిన్నబుచ్చొద్దు.

ఇవి మనం చేసుకునేవి. ప్రభుత్వాన్ని అడగాల్సినవి నాలుగు. ప్రతి యాప్ షరతులూ తెలుగులో, చదవడం రానివాళ్ళకు చదివి వినిపించేట్టు ఉండాలి. 'వద్దు' మీట 'సరే' మీటంత పెద్దదిగా, పక్కనే ఉండాలి; వద్దు అన్నందుకు కూలి గానీ, రేషను గానీ, వైద్యం గానీ ఆగకూడదు. కులం, తెగ సమాచారానికి ప్రత్యేక రక్షణ చట్టంలో మళ్ళీ రాయాలి, నష్టపోయినవాడికి పరిహారం రాయాలి. సమాచార హక్కులో కోసిన భాగాన్ని తిరిగి అతికించాలి.

మిత్రులారా! సెల్‌ఫోను మనకు శత్రువు కాదు. ఊరి పెత్తందారు దాచిన జీవోను మన పిల్ల ఫోనులో చూపించిన రోజులు మనకు తెలుసు. దౌర్జన్యం జరిగిన గంటలో జిల్లా అంతా కదిలింది దీనితోనే. ఫోను వదలమని నేను చెప్పను. వేలిని మన మాట వినేట్టు చేసుకుందాం అంటున్నాను. 'సరే' అనడానికి మనకు తరతరాల అలవాటు ఉంది. అది మన మంచితనం కాదు, మన మీద రుద్దిన శిక్షణ. 'వద్దు' అనడం నేర్చుకోవాలి. ఒక్కరుగా అంటే యాప్ తెరుచుకోదు, పని ఆగిపోతది. ఊరంతా, పేటంతా, సంఘమంతా కలిసి అంటే చట్టం తెరుచుకుంటది.

జై భీమ్!